దుమ్మే కదా అని దులిపేయకండి!

మా ఖమ్మం వైపు పెద్దవాళ్లు ఒక కథ చెప్పుకుంటారు. పూర్వం భద్రాచలం రాములవారి దర్శనానికి కాలినడకన వెళుతున్న యాత్రికులు సింగరేణి అనే పల్లె దగ్గర ఆగారట. వంటకని మూడు నల్లరాళ్లు పెట్టి, పుల్లలు ఎగదోసి, ఎసరు పెట్టారట. అన్నం వుడికేలోపల పొయ్యిలో పుల్లలతో పాటు పొయ్యిరాళ్లు కూడా కణకణా మండిపోయాయట!

ఆ రాళ్లే బొగ్గు. కథ సంగతి ఎలా వున్నా, 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు వుందని కనిపెట్టిన మాట నిజం. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. ఇల్లెందుని మావాళ్లు ‘బొగ్గుట్ట’ అనడం అందుకే. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ చిన్న పల్లె పేరే అంత పెద్ద కంపెనీ పేరయింది. తర్వాత కొత్తగూడెం, ఆ తర్వాత గోదావరి ఒడ్డున అడవిలో మణుగూరు... అలా భద్రాద్రి అంచుల దాకా బొగ్గుబాయిలు వచ్చాయి.

చూశారా, మా జిల్లాలో బొగ్గు కథ మొదలయిందే వంట దగ్గర! అందుకని, కూరలూ పచ్చళ్ల మధ్య ఈ గనుల గొడవ ఏమిటని విసుక్కోకండి. గనిలో పనిచేసేది మగవాడే అయినా, అక్కడి దుమ్ము మాత్రం ఆగేది మన ఇంట్లోనే. ఆ బట్టలు వుతికేది మనం. రాత్రిపూట ఆ దగ్గు వినేది మనం. అందుకే ఈ నాలుగు మాటలు మీతో చెప్పాలనుకున్నాను.

మా నాన్న బొగ్గుబాయిలో ఫిల్లరు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. నా చిన్నతనంలో ఆయన షిఫ్టు దిగి వస్తుంటే పళ్లూ, కళ్లూ తప్ప మనిషంతా నలుపే. బాయికి వెళ్లిన మనిషి తిరిగి వచ్చేదాకా మా అమ్మ ప్రాణం గుప్పిట్లో పెట్టుకునే వుండేది. కప్పు కూలుతుందేమో, గ్యాసు వస్తుందేమో, నీళ్లు ముంచేస్తాయేమో! వేళ కాని వేళ సైరన్ మోగితే క్వార్టర్లలో ఆడవాళ్లందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవారు. ఇన్ని భయాల్లో దుమ్ము భయం ఒక్కటే లేదు. ‘దుమ్ముదేముంది, నీళ్లు పోసుకుంటే పోతుంది’ అనుకునేవాళ్లం.

ఒంటిమీది దుమ్ము పోతుంది. మరి లోపలికి పోయిన దుమ్మో?

పెంకుటింట్లో పుట్టి పెరిగినవాళ్లకి ఇది తేలికగా అర్థమవుతుంది. పెంకు సందులోంచి ఎండ కిరణం పడితే అందులో సన్నటి నలుసులు తేలుతూ కనిపిస్తాయి. అంతదాకా ఆ గదిలో దుమ్ము వున్నట్టే తెలియదు. గని దుమ్ము కూడా అంతే. కంటికి కనిపించే ముతక దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది. లేకపోతే గళ్లలో పడి బయటికి వచ్చేస్తుంది. మన ముక్కు, గొంతు పిండి జల్లెడ లాంటివి. ముతకది పైనే నిలుస్తుంది, మెత్తనిది కిందికి దిగుతుంది. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు వుంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. 5 మైక్రాన్ల కంటే సన్నటి దుమ్ము ఏ జల్లెడకీ దొరక్కుండా వూపిరితిత్తుల అడుగున వుండే గాలిబుడగల దాకా వెళ్లిపోతుంది. కంటికి కనిపించేది కాదు, కనిపించనిదే ప్రమాదం.

ఆ గాలిబుడగల్లో కాపలా కణాలు వుంటాయి. సూక్ష్మక్రిములు వచ్చినా, నలుసు వచ్చినా మింగేసి ఇల్లు శుభ్రం చేస్తాయి. కానీ ఇసుకలోనూ, రాతిలోనూ వుండే సిలికా నలుసుని మింగితే ఆ కణమే చచ్చిపోతుంది. నలుసు మళ్లీ బయటపడుతుంది. ఇంకో కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. ఇలా జరిగిన ప్రతిచోటా పుండు మానిన మచ్చలాగా గట్టి గడ్డ కడుతుంది. వేడివేడి ఇడ్లీ ఎంత మెత్తగా వుంటుంది? అదే మూత పెట్టకుండా వదిలేస్తే మర్నాటికి ఎలా బిరుసెక్కుతుంది? వూపిరితిత్తులు కూడా అలాగే బిరుసెక్కిపోతాయి. పీల్చినా సాగవు. ఈ జబ్బునే సిలికోసిస్ అంటారు. బొగ్గుపొడి పేరుకుపోవడంతో వచ్చేదాన్ని బొగ్గుగని కార్మికుల న్యుమోకోనియోసిస్ అంటారు. పేరు నోరు తిరగకపోతే ‘దుమ్ము జబ్బు’ అనుకోండి, చాలు.

‘బొగ్గులో ఇసుక ఎక్కడిది?’ అని మీకు అనుమానం రావచ్చు. మా గోదావరి లోయలో బొగ్గు పొరలకి పైనా కిందా వుండేది ఇసుకరాయే. కప్పుకి బోల్టులు బిగించడానికి తొలిచినా, ఓపెన్‌కాస్టులో పైరాయి పగలగొట్టడానికి డ్రిల్లు వేసినా, బొగ్గుపొడితో పాటు రాతిపొడి కూడా లేస్తుంది. అంటే ఒక్క మనిషి రెండు రకాల దుమ్మూ పీలుస్తాడన్నమాట. ఇక గ్రానైటు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో సుమారు మూడోవంతు సిలికానే. ఖమ్మం చుట్టుపక్కల గ్రానైటు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు ఎన్ని వున్నాయో మావైపు వచ్చినవాళ్లకి తెలుసు.

మా పిన్ని భర్త, అంటే మా బాబాయి, అలాంటి ఒక రాతి క్వారీలో డ్రిల్లు మనిషి. ఆ క్వారీ పేరు, ఊరు పేరు ఇక్కడ వద్దులెండి. నీళ్లు పోయకుండా పొడిగానే రాయి తొలిచేవారు. ముఖానికి తువ్వాలు కట్టుకోవడమే రక్షణ. పదిహేనేళ్లు చేశాడు. తర్వాత పని మానేసి ఊళ్లో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ‘హమ్మయ్య, రాతి చాకిరీ వదిలింది’ అని మా పిన్ని సంతోషపడింది.

కొట్టు పెట్టిన నాలుగేళ్లకి దగ్గు మొదలయింది. పొడిదగ్గు. మొదట చలిగాలి అన్నారు, తర్వాత బీడీల వల్ల అన్నారు. బీడీ మానేశాడు, దగ్గు మాత్రం మానలేదు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఆ తర్వాత బియ్యం బస్తా జరిపితే ఆయాసం. ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగాడు. కాస్త తగ్గినట్టే వుండి మళ్లీ మొదలయింది. ఇంకో డాక్టరు, ఇంకో ఎక్స్‌రే, మళ్లీ అవే మందులు. అన్ని ఆసుపత్రులు తిరిగినా ‘నువ్వు ఇదివరకు ఏం పని చేసేవాడివి?’ అని అడిగిన మనిషి లేడు. చీటీ మీద ‘కిరాణా వ్యాపారం’ అని రాసివుంటే రాతిదుమ్ము ఎవరికి గుర్తొస్తుంది?

చివరికి మా పిన్నే చెప్పింది. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి! వరుసలో కూర్చుని తన వంతు రాగానే, ‘అయ్యా, మా ఆయన పదిహేనేళ్లు రాయి తొలిచాడు. ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లగా పిండిలా వుండేది. ఆయనతో పనిచేసినవాళ్లు ముగ్గురు ఇలాగే దగ్గుతున్నారు’ అంది. ఆ డాక్టరు రాస్తున్న కలం ఆపేసి, ఎక్స్‌రే మళ్లీ వెలుతురుకి పెట్టి చూశాడట. అప్పటికిగానీ అసలు జబ్బు పేరు బయటపడలేదు.

ఇక్కడే మీరు గుర్తుపెట్టుకోవలసిన సంగతి వుంది. దుమ్ములో పని మానేసినా, దుమ్ము తన పని మానదు! లోపల చేరిన సిలికా అక్కడే వుండి, ఏళ్ల తరబడి మచ్చ మీద మచ్చ కడుతూనే వుంటుంది. మామూలుగా ఈ జబ్బు బయటపడటానికి పదేళ్లు, అంతకన్నా ఎక్కువే పడుతుంది. దుమ్ము మరీ దట్టంగా వుంటే అయిదేళ్లలోపలే రావచ్చు. కొందరికి రిటైరై, మనవలని ఆడించుకునే రోజుల్లో తెలుస్తుంది. ‘వయసు మీద పడింది, ఆయాసం రాదా మరి’ అని సరిపెట్టుకుంటాం. వయసు వేరు, దుమ్ము వేరు.

ఇంకోమాట. టీబీ అన్న డాక్టర్లందరూ తప్పు చెప్పారని కూడా అనుకోకండి. సిలికా చేరిన వూపిరితిత్తులకి టీబీ తొందరగా అంటుకుంటుంది. రెండూ కలిసి వుండే మనుషులు చాలామంది. కాబట్టి టీబీ మందులు ఇస్తే మానకూడదు, పూర్తిగా వాడాల్సిందే. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా గళ్ల పరీక్ష చేయించాల్సిందే. ప్రభుత్వాసుపత్రుల్లో ఆ పరీక్షా, మందులూ ఉచితం. దాంతోపాటు ‘దుమ్ములో పనిచేశాడు’ అన్నమాట కూడా చెప్పాలి. అంతే తేడా. సిలికా దుమ్ము వల్ల వూపిరితిత్తుల క్యాన్సరు కూడా వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. సిలికోసిస్‌ని వెనక్కి తిప్పే మందు మాత్రం లేదు. ఆయాసం తగ్గించే మందులున్నాయి, వూపిరి కసరత్తులున్నాయి, అవసరమైతే ఆక్సిజన్ వుంది. అన్నిటికన్నా ముందు, దుమ్ముకీ బీడీకీ దూరం కావాలి.

ఇది ఈనాటి జబ్బేమీ కాదండోయ్. గనుల ఊళ్లో వైద్యం చేసిన అగ్రికోలా అనే ఆయన గనుల మీద రాసిన పెద్ద పుస్తకం 1556లో అచ్చయింది. కార్పాతియన్ కొండల గనుల దగ్గర ఏడుగురు భర్తలని చేసుకున్న ఆడవాళ్లు కనిపిస్తారనీ, ఆ ఏడుగురినీ ఈ దుమ్ము జబ్బే పొట్టన పెట్టుకుందనీ అందులో రాశాడు. నాలుగున్నర శతాబ్దాల కిందటి మాట! గనుల మీద పుస్తకం రాసినవాడికి కూడా ఆ ఇళ్లలోని ఆడవాళ్లని చూశాకే దుమ్ము ఎంత పని చేసిందో అర్థమయింది. మన దేశంలో ఈ జబ్బు మొదట వెలుగులోకి వచ్చింది కోలారు బంగారు గనుల్లో, 1934లో. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన మన తెలుగువాళ్లు ఎంతమంది ఆ గనుల్లో పనిచేశారో! 2001లో ఆ గనులు మూతపడ్డాయి. బంగారం ఎవరి ఒంటిమీదికో చేరింది, దుమ్ము మాత్రం తవ్వినవాళ్ల గుండెల్లో వుండిపోయింది.

ఇది మగవాళ్ల సంగతే అని కూడా అనుకోవద్దు. ఒకప్పుడు మన దేశపు బొగ్గుగనుల్లో ఆడవాళ్లు కూడా లోపలికి దిగి తట్టలు మోసేవారు. తర్వాత భూగర్భ గనుల్లోకి ఆడవాళ్లు దిగకూడదని ఆపేశారు. మళ్లీ 2019లో కొన్ని షరతులతో అనుమతి ఇచ్చారు. ఇక క్రషర్ల దగ్గర కంకర ఎత్తేవాళ్లలో ఆడవాళ్లు ఎప్పుడూ వున్నారు, చంకలో పిల్లలతో సహా.

సరే, ఇప్పుడు మనం ఏం చేయాలి?

మొదట బట్టల సంగతి. మా అమ్మకి ఈ శాస్త్రం ఏదీ తెలియదు గానీ, ఒక పద్ధతి మాత్రం వుండేది. నాన్న బాయి బట్టలకి పెరట్లో వేరే బకెట్టు. రాగానే బట్టలు అందులో ముంచేయాల్సిందే. పొడిగా దులిపితే ఒప్పుకునేది కాదు. ‘దులిపితే ఎక్కడికి పోతుంది, మళ్లీ ఇంట్లోకే వస్తుంది’ అనేది. అక్షరాలా నిజం! బట్టలు దులపకండి, ముందు నీళ్లలో నానబెట్టి ఆ తర్వాత వుతకండి. పిల్లల బట్టలతో కలపకండి. గని దగ్గర స్నానపు గదులుంటే అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రమ్మనండి. బూట్లు గుమ్మం బయటే విడవాలి. ఇంటికి వచ్చే ఈ కాస్త బొగ్గుదుమ్ముతో మీకు అంత జబ్బు వస్తుందని భయపెట్టడం లేదు. అసలు ముప్పు పనిచోట రోజంతా పీల్చేవాళ్లకే. కానీ ఆస్‌బెస్టాస్ అనే ఖనిజం దుమ్ము సంగతి వేరు. భర్తల పనిబట్టలు వుతికిన పాపానికి ఇంట్లో వుండే ఆడవాళ్లకి కూడా క్యాన్సర్లు వచ్చాయని 1965లో లండన్ డాక్టర్లు రాశారు. అందుకే ఏ దుమ్మయినా సరే, తడిపే వుతకడం మంచి అలవాటు.

రెండోది, మాస్కు. తువ్వాలు, కర్చీఫ్ సన్నటి దుమ్ముని ఆపవు. ఎన్ 95 లాంటి మాస్కు ముఖానికి బిగుతుగా పట్టేలా పెట్టుకుంటేనే ప్రయోజనం. గడ్డం పెరిగితే పక్కల నుంచి గాలి దూరిపోతుంది. అయితే మాస్కు ఆఖరి కాపలా మాత్రమే. అసలు మందు నీళ్లు. డ్రిల్లు దగ్గర నీళ్లు, కోసే రంపం దగ్గర నీళ్లు, రోడ్డు మీద నీళ్లు, గని లోపల మంచి గాలి. దుమ్ము లేచాక పట్టుకోవడం కాదు, లేవకుండా చూడటమే తెలివి. మనం వాకిలి ఊడ్చేముందు కళ్లాపి చల్లేది ఎందుకు? ఆ తెలివి మన చేతుల్లో ఎప్పటినుంచో వుంది.

మూడోది మన వంటింటి సంగతే. కొత్త ఇంట్లో వంటగట్టుకి గ్రానైటు పరుస్తున్నప్పుడు మేస్త్రీ చేతి కట్టరుతో పొడిగా కోస్తుంటే ఇల్లంతా తెల్లటి పొగ కమ్ముకుంటుంది, చూసే వుంటారు. ఒక చెంబుడు నీళ్లు పోస్తూ కోయమని చెప్పండి. పిల్లలని దూరంగా పంపండి. ఇప్పుడు ఫ్యాషనుగా వస్తున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం దాకా కూడా వుంటుంది. వాటిని కోసే పనివాళ్లు చిన్నవయసులోనే సిలికోసిస్ పాలవుతున్నారని 2024 జులై 1 నుంచి ఆస్ట్రేలియా ఆ పలకలనే నిషేధించింది. మన వంటగట్టు తళతళ మెరవడానికి ఎవరి వూపిరీ పోకూడదు కదా!

నాలుగోది, కాగితాలు. గని కార్మికులకి అయిదేళ్లకొకసారి వైద్యపరీక్ష చేయాలని 1955 నాటి గనుల నిబంధనలు చెప్పాయి. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సిలికోసిస్‌ని పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో పాత పరిహార చట్టమూ చేర్చింది, 2020 సామాజిక భద్రతా కోడూ చేర్చింది. అంటే దానికి నష్టపరిహారం అడిగే హక్కు వుందన్నమాట. రాజస్థాన్ ప్రభుత్వమయితే 2019లో ఈ జబ్బు వున్నవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది. కానీ హక్కు వున్నా రుజువు కావాలి. మా బాబాయి దగ్గర క్వారీలో పనిచేసినట్టు ఒక్క చీటీ ముక్క లేదు. అందుకని పెళ్లి ఆల్బమ్ దాచినంత భద్రంగా ఈ కాగితాలు దాచండి: గుర్తింపుకార్డు, జీతం చీటీలు, ప్రతి ఎక్స్‌రే ఫిల్మూ, ప్రతి పరీక్ష రిపోర్టూ. ఒక నోటుబుక్కులో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఎక్కడ, ఏం పనిచేశారో రాసిపెట్టండి. పాలలెక్క, చాకలిపద్దు రాసుకునే చేతులే కదా మనవి! ముఖ్యంగా కాంట్రాక్టు కింద, క్రషర్లలో, రాతి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల ఇళ్లలో ఇది ఇవాళే మొదలుపెట్టండి.

అన్నిటికన్నా కష్టమైనది అయిదోది. దగ్గుని దాచకండి. ‘దగ్గు వుందంటే అన్‌ఫిట్ అంటారు, పని పోతుంది, పిల్లల చదువులేం కావాలి’ అని భర్త దాస్తాడు, భార్య కూడా దానికి వంత పాడుతుంది. ఆ భయం ఉత్తిదని నేను అనను. ఇంటి అద్దె, స్కూలు ఫీజు ఎలా కట్టాలో తెలిసినదాన్నే. కానీ జబ్బు తొందరగా తెలిస్తే దుమ్ము లేని పనికి మారవచ్చు. టీబీ ఏమన్నా చేరితే నయం చేసుకోవచ్చు. మిగిలిన వూపిరిని మిగుల్చుకోవచ్చు. ఆలస్యమయితే పనీ పోతుంది, వూపిరీ పోతుంది. ఎక్స్‌రేతో పాటు గొట్టంలోకి ఊదించి చూసే పరీక్ష వుంటుంది, దాన్ని స్పైరోమెట్రీ అంటారు. దుమ్ములో పదేళ్లు దాటి పనిచేసిన మనిషి ఇంట్లో వుంటే, దగ్గు లేకపోయినా ఆ రెండూ చేయించండి. రిటైరయినా సరే.

మా బాబాయి ఇప్పుడు పక్కన ఆక్సిజన్ యంత్రంతో వరండాలో కూర్చుంటాడు. మంచం నుంచి వీధిగుమ్మం దాకా పద్దెనిమిది అడుగులు. మధ్యలో ఒకసారి ఆగాలి. ఆ ఆగే చోట మా పిన్ని ఒక స్టూలు వేసింది. ఆయనతో రాయి తొలిచిన ముగ్గురి ఇళ్లకీ తనే వెళ్లి, వాళ్ల ఆడవాళ్లని వెంటబెట్టుకుని పరీక్షలకి తీసుకువెళ్లింది. ముగ్గురిలో ఒకాయనకి జబ్బు మొదట్లోనే దొరికింది. ఆయన క్వారీ మానేసి మేకలు పెంచుకుంటున్నాడు, బాగానే నడుస్తున్నాడు.

కాబట్టి వదినలూ, చెల్లెళ్లూ! ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన అడిగేదాకా ఆగకండి. ‘మావారు ఫలానా దుమ్ములో ఇన్నేళ్లు పనిచేశారు’ అని మీరే ముందు చెప్పండి. మీ వీధిలో గనికో, క్వారీకో, క్రషర్‌కో వెళ్లే మనిషి వుంటే, ఈ పేజీ చదివేశాక చింపి పొట్లం కట్టేయకుండా ఆ ఇంటావిడకి ఇవ్వండి. చదువు రాకపోతే కూర్చోబెట్టి చదివి వినిపించండి. కాఫీ తాగేపాటి సమయం కూడా పట్టదు.